తుపానులో ఎవరి మాట వినవలెను?

శ్రోతలారా, తుపానుగాలి కంటె ముందుగా ఊరు చేరునది వదంతి. సింగరాయకొండ బజారులో ఒకరు, “తుపాను నెల్లూరు వైపు తిరిగినదట” అందురు. రైలు దిగినవారు, “బందరు దాటిపోయినదట” అందురు. పాకల తీరమున జాలరి పడవను ఒడ్డుకు లాగవలెనా, రైతు విచ్చిన ప్రత్తిని ఏరించవలెనా, కోసిన పనలను కుప్ప వేయించవలెనా అన్నది ఈ ‘అట’ల నడుమ తేలదు.

2023 డిసెంబరు 5వ తేదీని జ్ఞాపకము చేసికొనుడు. మిచాంగ్ తుపాను నెల్లూరు దరినుండి తీరము వెంబడి ఉత్తరముగా సాగినది. తెల్లవారుజామున అది కావలి దాపున ఉన్నది. మధ్యాహ్నము 12-30, 2-30 గంటల నడుమ బాపట్లకు దక్షిణమున తీరము దాటినది. సింగరాయకొండ ఈ రెంటి మధ్యను ఉన్నది. వేళ గుర్తుంచుకొనక కావలి అన్న మాటను, బాపట్ల అన్న మాటను వినినవారికి ప్రకటనలు పొసగనట్లు తోచును. నిజమునకు మారినది మాట కాదు, తుపాను ఉన్న చోటు.

కావున ఏ వార్త విన్నను మూడు ప్రశ్నలు వేయవలెను: ఎవరు చెప్పినారు? ఏ వేళకు చెప్పినారు? ఏ చోటును గూర్చి చెప్పినారు?

చెప్పవలసినది వాతావరణ శాఖ. మన తీరమునకు విశాఖపట్నములో తుపాను హెచ్చరిక కేంద్రమున్నది. మేము రేడియోలో చదువునది వారి మాటయే. మా ఊహ కాదు. తుపాను ఏర్పడిన పిమ్మట మూడు గంటలకొక ప్రకటన, తీరము సమీపించిన కొలది గంటకొకటి వెలువడును. ఉదయపు ప్రకటనను సాయంత్రము చెప్పినవాడు అబద్ధమాడకయే మోసము చేసినవాడగును. ఫోనులో వచ్చు బొమ్మకు తేదీ ఉండదు. అది ఏనాటిదో, ఏ తీరానిదో! సందేహము కలిగినచో పదిమందికి పంపుటకు మారుగా 1070 నంబరునకు ఫోను చేసి అడుగవచ్చును.

అన్నింటిలోను ప్రాణాంతకమైనది, “గాలి నిలిచినది, తుపాను వెళ్లినదట” అను మాట. తీవ్రమైన తుపాను కన్ను మనపైకి వచ్చినప్పుడు గాలి హఠాత్తుగా నెమ్మదించును. కొంతసేపటికి ఎదురు దిక్కునుండి అంత ఉధృతముగను మరల వీచును. అధికారులు చెప్పువరకు ఆశ్రయము విడువరాదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది అసువులు బాసిరి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారము దాపున అట్టిదే ప్రచండమైన తుపాను తీరము దాటినది. నాడు మృతులు వేయిమంది లోపు. అదియు స్వల్పము కాదు. కాని హెచ్చరిక ముందుగా ఊళ్లకు చేరినది, జనము కదలినది. హెచ్చరిక చేరుట ఎంత ముఖ్యమో, చేరినదానిని నమ్ముటయు అంత ముఖ్యము.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానునకు విశాఖలో విద్యుత్తు, ఫోనులు మూగవోయినవి. అట్టి రాత్రికై బ్యాటరీ రేడియోను, వేరుగా రెండు బ్యాటరీలను తడి తగులని చోట దాచుకొనుడు. విన్న వార్తను వేళతో సహా కాగితముపై వ్రాసికొనుడు. పొరుగువారు అడిగినప్పుడు ‘అట’ అనక, “ఇన్ని గంటలకు, వాతావరణ శాఖ, ఈ చోటును గూర్చి చెప్పినది” అని చెప్పుడు. రాని తుపానుకు వెరచి ఒక రాత్రి బడిలో తలదాచుకొన్నవాడు తెల్లవారి ఇంటికి పోవును. వచ్చిన తుపానును నమ్మనివానికి ఆ అవకాశముండదు.