పిల్లల పెద్దప్రేగు వ్యాధి - శస్త్రచికిత్స

పిల్లలకు విరేచనములు క్రొత్త కావు. రెండు మూడు దినములుండి పోవును. కాని నెత్తురుతో కూడిన విరేచనములు వారములు గడచినను తగ్గక, బిడ్డ చిక్కిపోవుచు, ఎదుగుదల కుంటుపడినచో, దానిని జిగట విరేచనములని సరిపెట్టుకొనరాదు. మన దేశమున అమీబా వలనను, ప్రేగుల క్షయ వలనను ఇట్టి లక్షణములు కలుగవచ్చును గనుక మేము మొదట వానిని వెదకుదుము. పిదప సన్నని గొట్టముతో ప్రేగు లోపల చూచి, చిన్న ముక్క తీసి పరీక్షించి, వ్యాధిని నిర్ణయింతుము.

ప్రేగులు దీర్ఘకాలము వాచి పుండ్లు పడు వ్యాధి ముఖ్యముగా రెండు విధములు. అల్సరేటివ్ కోలైటిస్ అనునది పెద్దప్రేగునకును, పురీషనాళమునకును పరిమితమై లోపలి పొరను చెరచును. రెండవదియగు క్రోన్ వ్యాధిని 1932లో న్యూయార్కు వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమరులు వివరించిరి. అది నోటి నుండి మలద్వారము వరకు ఎచ్చటనైనను పుట్టి, ప్రేగు గోడను పూర్తిగా పట్టగలదు. శస్త్రవైద్యునకు ఈ భేదమే ప్రధానము. పెద్దప్రేగును, పురీషనాళమును తీసివేసినచో మొదటి వ్యాధికి ప్రేగులలో చోటే యుండదు. రెండవ దానిని కోత శాశ్వతముగ మాన్పజాలదు. చెడిన భాగమును మాత్రమే తీసి, మిగిలిన ప్రేగును కాపాడుదుము.

కోలైటిస్ ఉద్ధృతమైనపుడు బిడ్డను ఆసుపత్రిలో చేర్చి, నరము ద్వారా స్టెరాయిడ్ మందు నిత్తుము. ఈ వ్యాధిలో కార్టిజోన్ గుణమును 1955లో ఆక్స్‌ఫర్డు వైద్యులు ట్రూలవ్, విట్స్ నిరూపించిరి. 3వ నాడును, 5వ నాడును గుణమును అంచనా వేయుదుము. మార్పు లేనిచో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందు నిత్తుము. దానికిని లొంగకున్నను, ప్రేగు ఉబ్బి చిల్లుపడు సూచన కనబడినను, నెత్తురు ఆగకున్నను శస్త్రచికిత్సయే శరణ్యము.

ఇచ్చటనే తల్లిదండ్రులు తల్లడిల్లుదురు. “పసివాడు గదా, ఇంకొక్క వారము చూడరాదా?” అని అడుగుదురు. ఆ ప్రశ్న సహజమే. కాని ప్రేగు చిల్లుపడిన తరువాత చేయు కోత కంటె, పడకముందు చేయునది ఎంతయో క్షేమము. కోత యనగా వైద్యము ఓడిపోవుట కాదు, అదియు వైద్యమే.

మొదటి దశలో పెద్దప్రేగును తీసి, చిన్నప్రేగు కొనను పొట్టమీదికి తెచ్చి కుట్టుదురు. మలము అచ్చట తగిలించిన సంచిలో పడును. 1952లో బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు బ్రూక్, ఆ కొనను చొక్కాచేతి అంచువలె వెలుపలికి మడిచి కుట్టు పద్ధతిని తెలిపిన పిదప ఆ ద్వారముతో కలుగు ఇక్కట్లు బాగుగ తగ్గినవి. బిడ్డ బలము పుంజుకొనిన పిమ్మట, రెండవ దశలో పురీషనాళమును తీసి, చిన్నప్రేగుతోనే తిత్తి కుట్టి మలద్వారమునకు కలుపుదురు. ఈ తిత్తి పద్ధతిని 1978లో లండనున పార్క్స్, నికల్స్ ప్రకటించిరి. మూడవ దశలో పొట్టమీది ద్వారమును మూయుదురు.

అటుపిమ్మట అంతయు పూర్వమువలె నుండునని మేము చెప్పము. దినమునకు సుమారు 4 నుండి 6 సార్లు విరేచనమగును. తిత్తి అప్పుడప్పుడు వాచును; అది సాధారణముగ మందులకు లొంగును. ఆడపిల్లలకు మున్ముందు గర్భము నిలుచు అవకాశము కొంత తగ్గవచ్చును. ఈ సంగతులన్నియు కోతకు ముందే విప్పిచెప్పుట మా విధి, అడిగి తెలిసికొనుట తల్లిదండ్రుల హక్కు. ఊహ తెలిసిన బిడ్డకును చెప్పవలెను. వాని దేహమును గూర్చిన మాట వానికి తెలియకుండ జరుగరాదు.

పొట్టమీద సంచి యున్న బిడ్డ బడికి పోవచ్చును, ఆడుకొనవచ్చును, ఈత కొట్టవచ్చును. ఇంటివారు దానిని దాచవలసిన లోపముగ చూడకున్నచో బిడ్డయు అట్లు తలపడు. మలములో నెత్తురు కనబడినప్పుడే వైద్యునకు చూపుడు. తొందరగ వచ్చిన బిడ్డలలో పెక్కుమందికి మందులతోనే సరిపోవును.