తొట్లకొండ మీద వానాకాలం

విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డులో వెళ్తుంటే ఎడమ చేతివైపు వస్తుంది తొట్లకొండ, ఒకప్పటి బౌద్ధ భిక్షువుల విహారం. జ్ఞానోదయమయ్యాక బుద్ధుడు 45 ఏళ్లు ఊరూరా తిరిగి, దుఃఖానికి మూలం తృష్ణేనని బోధించాడు. భిక్షువులదీ అదే నడక. వానల్లో మొలకలూ పురుగులూ వాళ్ల కాళ్ల కింద నలిగిపోతున్నాయని జనం ఆడిపోసుకుంటే, వానాకాలం మూడు నెలలూ ఒకచోటే ఉండమన్నాడు బుద్ధుడు. విహారాలకు నాంది అదే. ఈ కొండమీద స్తూపం, వరసగా భిక్షువుల గదులు, వాననీటికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ చూడొచ్చు. 1988లో మొదలైన తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. సన్యాసులకు రోము డబ్బెక్కడిది? ఓడ వర్తకుల దానమే అయి ఉండాలి. వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి, పైన నీడ తక్కువ.