ఋతువులు - గడ్డిపూలు

విత్తిన పైరును గూర్చి మీకు నేను చెప్పవలసినది లేదు. ఎవరును విత్తక, ఎవరును నీరు పెట్టక, గట్టులమీదను వాగుల యొడ్డునను తనంతట మొలచు గడ్డిని గూర్చి నాలుగు మాటలు విన్నవింతును. "గడ్డిపోచ" యని తేలికగా పలుకుట మన కలవాటు. కాని మన పండుగకును, పాటకును, చిత్రమునకును ఆ గడ్డిపోచయే ఆధారమైన సందర్భములు పెక్కు గలవు.

నేను సికిందరాబాదు నివాసిని. బొమ్మలు వ్రాయుట నా వ్యాసంగము. 1806లో సికిందర్ జా పేర వెలసిన ఈ నగరము రాతిగుట్టల నడుమ నున్నది. రాతి సందున చారెడు మన్నున్న చాలును, అచట గడ్డి మొలచును. చెట్టు ఏండ్ల తరబడి ఒకే తీరున నిలుచును. గడ్డి మాత్రము నెలనెలకు రూపు మార్చును. ఋతువును కనిపెట్టదలచిన చిత్రకారునకు అంతకు మించిన గురువు లేదు.

మృగశిర కార్తెలో తొలివాన పడగానే మొదట కన్ను తెరచునది గరిక. వేసవిలో మాడి బూడిదవలె నున్నను దాని కణుపులలో ప్రాణము దాగియుండును. వినాయక చవితికి దానినే పూజకై కోసి తెత్తుము. ఆ వెనుక గునుగు పూచును. వృక్షశాస్త్రజ్ఞులు గునుగును గడ్డిజాతిలో చేర్పరు. తోటకూర కుటుంబమున చేర్తురు. చేను బాగుచేయు రైతునకు మాత్రము అదియు కలుపే. పెరికి పారవైచు ఆ కలుపునే భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది దినములు మన ఆడబిడ్డలు తాంబాళమున పేర్చి, గౌరమ్మను నిలిపి, బతుకమ్మయని కొలుతురు. తెల్లని గునుగు కంకులను కట్టలు కట్టి, కాడలు సమముగ కోసి, రంగునీట ముంచి, తంగేడుపూల పసుపు వరుసపై మరియొక వరుసగ పేర్చు నేర్పును ఏ పాఠశాలలో నేర్పిరి? తల్లి చేతిని చూచి కూతురి చేయి నేర్చినది. సిద్దిపేట చిత్రకారులు కాపు రాజయ్యగారు (1925-2012) ఆ బతుకమ్మను తమ పటములందు నిలిపిరి.

శరత్తున రెల్లు పూచును. సంస్కృతమున దీనిని కాశమందురు. కాళిదాసు ఋతుసంహారమున శరద్వర్ణనము చేయుచు దీనిని మరువలేదు. వాగు ఇసుకలో తెల్లని కుచ్చులవలె ఊగు రెల్లును చూచినవానికి వానలు వెనుకబట్టినవని వేరుగ చెప్పనక్కరలేదు. వంగదేశమున సత్యజిత్ రాయ్ "పథేర్ పాంచాలి" చిత్రమును 1952 అక్టోబరులో ఇట్టి రెల్లుపొదలలోనే తీయ నారంభించెను. వారము దాటి మరల వచ్చి చూడగా పశువులు ఆ పూలను మేసిపోయి యుండెను. మరుసటి యేటి పూతవరకు వేచి ఆ ఘట్టమును ముగించెను. 1955లో చిత్రము వెలువడినది. ఆ రెల్లు నడుమ అక్కయు తమ్ముడును రైలుబండిని చూచిన దృశ్యము నేటికిని లోకమునకు జ్ఞాపకమున్నది. ఎంతటి కళాకారుడైనను గడ్డి పూచు వేళకు కట్టుబడవలసినదే.

హేమంత శిశిరములలో గడ్డి పండి బంగారు వన్నె దాల్చును. పంచె అంచున గ్రుచ్చుకొను ముల్లుగడ్డిని మీరెరుగుదురు. దాని గింజకు మెలిదిరిగిన పొడవైన మీస మొకటి యుండును. తేమ తగిలిన నది విచ్చుకొనును. ఎండిన మరల మెలివేసికొనును. ఆ త్రిప్పుడుచేతనే గింజ భూమిలోనికి దిగును. ఇక వేసవిలో వట్టివేళ్ళ తడికపై నీరు చల్లిన లేచు సువాసనయు ఒక గడ్డి వేరు ఇచ్చినదే. ఆ వాసన ఎందరికో చిన్ననాటి యింటిని కన్నులకు కట్టించును.

గడ్డి ఇట్లు జ్ఞాపకమును మేల్కొల్పును. గునుగు కట్టను ముందిడుకొని కలము పట్టినచో, మా అమ్మ పేర్చిన పూల వరుసలు లెక్కతో సహా నాకు జ్ఞప్తికి వచ్చును. జర్మను దేశపు చిత్రకారుడు డ్యూరర్ 1503లో ఒక గడ్డిపెల్లను మాత్రమే నీటిరంగులతో చిత్రించెను. ఐదువందల యేండ్లు దాటినను అందలి పెక్కు మొక్కలను శాస్త్రజ్ఞులు పేరుపెట్టి గుర్తింపగలిగిరి. శ్రద్ధతో చూచిన కంటికి అల్పమైన దేదియు లేదు.

నేడు సికిందరాబాదు చుట్టుపట్ల బీళ్ళనేకము ఇండ్లస్థలములైనవి. నగరమున పెక్కుమంది బతుకమ్మకు గునుగును బజారున కొనుచున్నారు. కాడపై నున్న గునుగును చూడని బిడ్డలు పెరుగుచున్నారు. పల్లెలలో సైతము కలుపుమందు చల్లిన గట్టున అది కానరాదు. 2014లో తెలంగాణము ఏర్పడిన పిమ్మట బతుకమ్మ రాష్ట్రపు పండుగ యైనది. ప్రభుత్వము పండుగకు గౌరవ మీయగలదు. పూవును మాత్రము నేలయే ఈయవలెను.

చేనిలో కలుపు తీయవద్దని నేను చెప్పను. అది పంటకు చేటు. చెరువుగట్టున, వాగు యొడ్డున, బంచరాయిలో కొంత నేలనైనను మందు చల్లక, నిప్పుపెట్టక విడువుడు. మనుమల చేయి పట్టి అచటికి గొనిపోయి ఒక్కొక్క గడ్డి పేరును చెప్పుడు. పేరు తెలియని దానిని ఎవరును పాడరు, చిత్రింపరు, కాపాడరు. పూలు కోయునపుడు కొన్ని కంకులను కాడనే యుంచుడు. ఈ యేడు గింజ రాలిననే గదా, వచ్చు నేటి బతుకమ్మకు గునుగు దొరకుట!