‘రెస్పాన్సిబుల్’ అనే మాట: అర్థాలు, ప్రయోగం
(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బది అయిదేండ్ల పండుగలో ఒక ఆంగ్ల విశేషణాన్ని గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. కాని ఇంట తెలుగు, వీధిలో తమిళం, కార్యాలయంలో ఆంగ్లం వినే కుటుంబాలకు ఒక భాషలోని మాటను మరొక భాషలోని మాటతో తూచి చూచుకొనడం నిత్యకృత్యం. అటువంటి తూకానికి ‘రెస్పాన్సిబుల్’ అనే మాట మిక్కిలి అనువైనది. దీనికి ‘బాధ్యుడు’ అని ఒకే అర్థం చెప్పి ఊరకుండడం పరిపాటి. నిజానికి ఆ మాటలో కనీసం నాలుగు అర్థాలున్నాయి. వాటిని విడదీయకపోవడం వలన వాక్యంలోనే గాక నడవడిలోనూ చిక్కులు కలుగుతున్నాయి.

ఈ మాటకు మూలం లాటిన్ భాషలోని ‘రెస్పాండెరె’ అనే క్రియ. జవాబు చెప్పడమని దాని అర్థం. అందులో ఇమిడి ఉన్న ‘స్పాండెరె’కు మాట ఇవ్వడమని అర్థం. ‘రెస్పాండ్’, ‘స్పాన్సర్’ అనే మాటలు కూడా ఈ కుటుంబంలోనివే. అందుచేత ‘రెస్పాన్సిబుల్’ అనగా మొదట జవాబు చెప్పవలసినవాడని భావం. తెలుగులో వాడుకలో ఉన్న ‘జవాబుదారి’ దీనికి చాలా దగ్గరి మాట. అరబ్బీ ‘జవాబు’కు పారశీక ‘దార్’ చేరి అది ఏర్పడింది. ‘బాధ్యత’ మాత్రం వేరు దారిన వచ్చింది. సంస్కృతంలో ‘బాధ్’ ధాతువుకు ఒత్తిడి చేయడం, నిర్బంధించడం అనే అర్థాలున్నాయి; కనుక బాధ్యుడనగా కట్టుబడినవాడు. తమిళులు చెప్పే ‘పొఱుప్పు’ భరించడం, ఓర్చుకొనడం అనే అర్థాలు గల ధాతువు నుండి పుట్టింది. జవాబు చెప్పడం, కట్టుబడి ఉండడం, భారం మోయడం అనే మూడు భావాలు ఈ మూడు మాటలలో కనిపిస్తాయి. మూడూ కలిస్తేనే అర్థం నిండుతుంది.

ఇక ప్రయోగాలు. మొదటి అర్థం కారణం. చెఱువు గట్టు తెగడానికి భారీ వర్షం ‘రెస్పాన్సిబుల్’ అని ఆంగ్లంలో వ్రాయవచ్చు. దానిని ‘వర్షం బాధ్యత వహించింది’ అని తెలుగు చేయరాదు. వర్షం జవాబు చెప్పదు గదా! ‘వర్షమే కారణం’ అంటే చాలును. రెండవ అర్థం అప్పగింత. ప్రయోగశాలకు ఎవరు ‘రెస్పాన్సిబుల్’ అంటే, దానిని చూచుకొనే పని ఎవరిదని ప్రశ్న. మూడవది జవాబుదారీతనం. నాలుగవది గుణం. ‘రెస్పాన్సిబుల్’ విద్యార్థి అంటే నమ్మి పని అప్పగించదగినవాడని మెప్పు.

రెండవ, మూడవ అర్థాలను విడదీసి చూపేవి ‘ఫర్’, ‘టు’ అనే చిన్న మాటలు. ప్రధానోపాధ్యాయుడు పిల్లల చదువు ‘ఫర్’ బాధ్యుడు. పాలకవర్గం ‘టు’ జవాబుదారి. దేనికి అనేది మొదటిది, ఎవరికి అనేది రెండవది. భారత రాజ్యాంగం 75వ అధికరణం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా జవాబుదారి అని చెప్పినప్పుడు వాడినది ఈ ‘టు’నే.

మాట నిలిచే చోటును బట్టి కూడా అర్థం మారుతుంది. ‘రెస్పాన్సిబుల్ పర్సన్’ అంటే నమ్మదగిన మనిషి. ‘ది పర్సన్ రెస్పాన్సిబుల్’ అంటే పని ఎవరి చేతిలో ఉన్నదో, లేదా తప్పు ఎవరి వలన జరిగిందో ఆ మనిషి. నామవాచకానికి ముందుంటే ప్రశంస. వెనుక ఉంటే తరచు అభియోగం. పరీక్షలో ఈ భేదం అడిగితే విద్యార్థులు తడబడడం సహజం. వర్ణక్రమంలోనూ జాగ్రత్త అవసరం: చివరి ‘బి’కి ముందు రావలసినది ‘ఐ’ అక్షరం, ‘ఏ’ కాదు. దీని బంధువుల్లో ‘అకౌంటబుల్’ లెక్క అప్పజెప్పవలసినవానికి చెల్లుతుంది. ‘లయబుల్’ చట్టప్రకారం నష్టం భరించవలసినవానికి చెల్లుతుంది.

ఈ అర్థభేదాలు కేవలం వ్యాకరణ విషయాలు కావని తెలుపడానికి 1956వ సంవత్సరం నాటి చరిత్ర ఒకటి చాలును. ఆ ఏడు సెప్టెంబరులో, అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని మహబూబ్‌నగర్ వద్ద వంతెన కూలి రైలు ప్రమాదం జరిగింది. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో, ఇదే తమిళ దేశంలోని అరియలూరు వద్ద వరదలో తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. ఒక్కొక్క ప్రమాదంలో నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. శాస్త్రి మరల రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూ అంగీకరిస్తూ, జరిగినదానికి శాస్త్రి కారకుడని కాక, రాజ్యాంగ మర్యాదకు ఆదర్శంగా ఉంటుందని స్వీకరిస్తున్నట్లు పార్లమెంటుకు తెలిపారు. మొదటి అర్థంలో శాస్త్రి ‘రెస్పాన్సిబుల్’ కారు. వరదను తెచ్చింది ఆయన కాదు. మూడవ అర్థంలో మాత్రం ఆయన తనను తాను జవాబుదారిగా ఎంచుకొన్నారు. కారకుడు కాకపోయినా జవాబుదారి కావచ్చునన్నది అందులోని పాఠం.

అదే 1956లో రాజ్యాంగానికి ఏడవ సవరణ ద్వారా 350ఏ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం, ప్రతి స్థానిక సంస్థ యత్నించాలని అది చెబుతుంది. ఆ కర్తవ్యాన్ని ప్రభుత్వానికి గుర్తు చేయడం న్యాయమే. అయితే అధికరణం బడిలో బల్ల వేయించగలదు. ఇంట్లో తెలుగు పలికించలేదు.

తెలుగు తరగతులలో పిల్లలు తగ్గుతున్నారన్న మాట వచ్చినప్పుడల్లా దీనికి ఎవరు ‘రెస్పాన్సిబుల్’ అనే ప్రశ్న పుడుతుంది. తల్లిదండ్రులు పాఠశాలను, పాఠశాల ప్రభుత్వాన్ని, ప్రభుత్వం కాలాన్ని చూపుతాయి. అందరూ మొదటి అర్థంలోనే, అంటే కారకుడెవరనే ప్రశ్నలోనే ఆగిపోతున్నారు. బ్రతుకుతెరువు కొరకు బిడ్డను ఆంగ్ల మాధ్యమంలో చేర్చిన తండ్రిని దోషి అనడం తగదు. ఇరుగుపొరుగులతో తమిళంలో మాట్లాడే తల్లిదీ తప్పు కాదు. ఆ భాష ఈ నేల భాష, దానిని నేర్చుకొనడం మర్యాద. కాని దోషి కాకపోవడంతో జవాబుదారీతనం తీరిపోదు. అమ్మమ్మ వ్రాసిన ఉత్తరం చదువలేని బిడ్డ పెద్దదై, ‘నాకీ అక్షరాలు ఎందుకు నేర్పలేదు?’ అని అడిగితే జవాబు చెప్పవలసినది ఆ ఇల్లే.

ఈ పాఠశాల డెబ్బది అయిదేండ్లు నిలిచినది పూచీ పడినవారి వలన. స్థలమిచ్చినవారు, జీతం తక్కువైనా పాఠం మానని ఉపాధ్యాయులు, చందాల పుస్తకం పట్టుకొని గడప గడపకు తిరిగిన పెద్దలు ‘ఇది ఎవరి తప్పు?’ అని అడుగుతూ కూర్చుండలేదు; ‘ఇది ఎవరి పని?’ అని అడిగి, తమ పని అనుకొన్నారు. నేటి పూర్వ విద్యార్థులు తమ బిడ్డలను ఇక్కడే చేర్చలేకపోవచ్చు. రోజుకు అరగంట ఇంట తెలుగు చదివించవచ్చు. తాము చదివి పక్కన పెట్టిన పుస్తకాలను పాఠశాల గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. సెలవు దినాన ఒక గంట పిల్లలకు అక్షరాలు దిద్దించవచ్చు. చేసేవారికి ఇవి పెద్ద భారాలు కావు.

వెనుక నిలిచి అభియోగంగా వినిపించే ‘రెస్పాన్సిబుల్’ అనే మాటను ముందుకు తెచ్చి గుణంగా మార్చుకొనడం మనుష్యుల చేతిలోనే ఉన్నది. ఆ గుణం ఈ పాఠశాలలో చదివినవారందరికీ అలవడుగాక.