తిరిగొచ్చే హక్కు



ఇంటర్ కాగానే నాకు పెళ్ళి చేశారు. భర్త ఉద్యోగం వెంట కాలిఫోర్నియా వెళ్ళాను. నాది హెచ్-4 వీసా. నాకప్పుడు ఉద్యోగం చేసే అనుమతి లేదు. చదువుకోవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళు వంటింట్లోనే గడిచాయి.

తర్వాత కమ్యూనిటీ కాలేజీలో చేరాను. 60 యూనిట్లతో రెండేళ్ళ ఆర్ట్స్ డిగ్రీ. బదిలీ కోసమే రూపొందించిన డిగ్రీ అయితే, 2010లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, కనీస గ్రేడు తెచ్చుకున్నవాళ్ళకి స్టేట్ యూనివర్సిటీలో ఏదో ఒక క్యాంపస్‌లో నేరుగా మూడో ఏడాదిలో చోటుంటుంది. నేను అడగకుండా తీసుకున్న రెండు కోర్సులు బదిలీకి లెక్కకు రాలేదు. ఒక సెమిస్టర్ పోయింది. పాప పుట్టినప్పుడు చదువాగింది గానీ, చదివిన యూనిట్లు పోలేదు. ఆగినచోటి నుంచే మొదలుపెట్టి బి.ఎ. పూర్తిచేశాను.

మన 2020 జాతీయ విద్యావిధానం కూడా రెండేళ్ళకు ఆగినవాళ్ళకు డిప్లొమా అంటోంది. మంచిదే. కానీ "డిప్లొమా వచ్చిందిగా, ఇక పెళ్ళి చేసేద్దాం" అనే ఇళ్ళు మనకు తెలియనివా? ఆగే వీలుతోపాటు తిరిగొచ్చే హక్కూ కావాలి. మీ దగ్గరకొచ్చే ప్రతి అమ్మాయికీ ఫీజు కట్టకముందే కాలేజీని ఇలా అడగమని చెప్పండి: "ఈ చదువు రేపు ఎక్కడ లెక్కకొస్తుంది? కాగితం మీద రాసివ్వండి."