ఉపకార వేతనం - ఉపనిషత్తు చెప్పిన మర్యాద

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల సభ సందర్భంగా కోయంబత్తూరులో చేసిన ప్రసంగ పాఠం)



నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. పండితుణ్ణి కాను. గురువు దగ్గర కూర్చుని వేదం చెప్పుకోలేదు. తెలుగు తాత్పర్యంతో దొరికే పుస్తకాలు చదువుకున్నాను, అంతే. “మన శాస్త్రాలు నేటి జీవితానికి ఎలా పనికివస్తాయో నాలుగు మాటలు చెప్పండి” అని కార్యదర్శిగారు అడిగారు. శాస్త్రాలన్నీ ఒక సాయంత్రంలో చెప్పడం నా వల్ల కాదు. అందుకని ఒక్క పేజీకి సరిపడే భాగమే తీసుకున్నాను. అది తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని పదకొండో అనువాకం.

ఈ ఉపనిషత్తు కృష్ణ యజుర్వేదానికి చెందినది. మన వైపు పురోహితులలో ఎక్కువమంది తైత్తిరీయ శాఖవారే కాబట్టి ఇందులోని మంత్రాలు మన చెవిన పడుతూనే ఉంటాయి. అర్థం అడిగేవాళ్లం మాత్రం తక్కువ. పదకొండో అనువాకంలో సందర్భం చాలా మామూలుది. చదువు పూర్తయింది, శిష్యుడు ఇంటికి బయలుదేరుతున్నాడు. గురువు అతణ్ణి ఆపి చివరిగా కొన్ని మాటలు చెబుతాడు. నేటి భాషలో అది స్నాతకోత్సవ ప్రసంగం. మన దేశంలో చాలా విశ్వవిద్యాలయాలు ఇప్పటికీ పట్టాలిచ్చే రోజున ఇందులోని వాక్యాలను చదివిస్తాయి.

ఆ మాటల్లో మోక్షం గురించి పెద్దగా లేదు. నిజం చెప్పు, ధర్మంగా నడుచుకో, చదవడం మానవద్దు, అమ్మానాన్నలను, గురువును, ఇంటికొచ్చిన అతిథిని దేవుడిలా చూసుకో - అంతా ఇలా ఇంటి సంగతులే. ఇవి మీరు తరగతి గోడల మీద చూసినవే కాబట్టి త్వరగా దాటిపోతాను. అమ్మ విషయంలో మాత్రం ఒక్క మాట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అందరికీ క్యారియర్లు కట్టే తల్లిని దేవత అని వక్తృత్వ పోటీలో చెప్పి, ఇంటికొచ్చి తిన్న కంచం అక్కడే వదిలేసే అబ్బాయిలు ఈ హాల్లో కూడా ఉండే ఉంటారు. తల్లులు నవ్వుతున్నారంటే ఉన్నారనే అర్థం.

నేను ఆగాలనుకున్నది దానం గురించి చెప్పిన చోట. గురువు ఆ బుద్ధులు ఎవరికి చెబుతున్నాడో ముందు చూడండి. చేతిలో చిల్లిగవ్వ లేని విద్యార్థికి! ఇంకా సంపాదన మొదలుపెట్టనివాడికి, ఎలా ఇవ్వాలో ఇప్పుడే నేర్పుతున్నాడు. శ్రద్ధతో ఇవ్వు, శ్రద్ధ లేకపోతే ఇవ్వవద్దు అంటాడు. ఆ తరువాత మరి నాలుగు మాటలు చేరుస్తాడు: శ్రీ, హ్రీ, భీ, సంవిత్తు. శ్రీ అంటే మన కలిమికి తగినట్టు అని. హ్రీ అంటే సిగ్గు, వినయం. భీ అంటే భయం. సంవిత్తు అంటే తెలిసి ఇవ్వడమని కొందరు అర్థం చెప్పారు, శంకరాచార్యులవారు స్నేహభావమని చెప్పారు.

ఇందులో సిగ్గు ఎవరికి ఉండాలన్నారు? ఇచ్చేవాడికి. పుచ్చుకునేవాడికి కాదు. మన సభల్లో జరిగేది తలకిందులు. పిల్ల పేరు పిలుస్తాం. తండ్రి ఏం పనిచేస్తాడో, నెలకెంత వస్తుందో మైకులో చదువుతాం. ఆ పిల్ల వేదిక మీదికి వచ్చి, పెద్ద చెక్కు నమూనా పట్టుకుని, దాత పక్కన నిలబడి ఫోటోకి నవ్వాలి. క్లాసులో పక్కన కూర్చునే స్నేహితురాలు కింద ఉండి ఇదంతా చూస్తుంది. పదిహేడేళ్ల పిల్లకి ఆ నాలుగు నిమిషాలు ఎంత బరువో మనం ఆలోచించం. దాతల మంచితనాన్ని నేను శంకించడం లేదు. వారు లేకపోతే ఈ సభే లేదు. కానీ ఉపనిషత్తు అడిగిన సిగ్గును మనవైపు నుంచి తీసి ఆ పిల్ల నెత్తిన పెడుతున్నాం.

అందుకే ట్రస్టుకు ఒక విన్నపం చేస్తున్నాను. వచ్చే ఏడాది నుంచి డబ్బు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో వేద్దాం. ఆ పని ఈ రోజుల్లో రెండు నిమిషాలది. సభ మాత్రం తప్పక జరుపుదాం, మార్కులు బాగా తెచ్చుకున్నవారిని పిలిచి శాలువా కప్పుదాం. ఎవరికి డబ్బు అందిందో, ఎందుకు అందిందో ట్రస్టు రిజిస్టరులో ఉంటుంది, ఆడిటరు చూస్తారు. అది చాలు. “ఫోటో లేకపోతే దాతలు ముందుకు రారండీ” అని ఒక పెద్దాయన నాతో ఇందాకే అన్నారు. కొందరు రాకపోవచ్చు. ఆ సంగతి కార్యవర్గం కూర్చుని లెక్క వేసుకోవాల్సిందే, కాదనను.

సంవిత్తు, అంటే తెలిసి ఇవ్వడం గురించి బ్యాంకువాడిగా ఒక సంగతి చెబుతాను. ఇంజనీరింగు సీటు రాగానే నగలు కుదువపెట్టి, నెలకు వందకు రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలోనే 4 లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదని ఉంది. వీళ్లకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. కుటుంబానికి పదివేల రూపాయలు ఇవ్వడం ఒక సాయం, ఈ సంగతి చెప్పి, వెంట వెళ్లి, దరఖాస్తు నింపిపెట్టడం అంతకంటే పెద్ద సాయం. దీనికి డబ్బున్నవాళ్లే కానక్కర్లేదు, ఒక పూట తీరిక ఉన్నవారెవరైనా చాలు.

ఇక పుచ్చుకునేవారి వైపు. ఇది కాస్త కటువుగా ఉంటుంది, తల్లిదండ్రులు మన్నించాలి. నిజం చెప్పు అన్న మాటకు మన దరఖాస్తు ఫారంలో ఒక గడి ఉంది - వార్షికాదాయం. తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చే ఆదాయ ధ్రువపత్రంలో అసలు కంటే తక్కువ వేయించుకోవడం అందరూ చేసేదే కదా అనుకుంటాం. ఉపకార వేతనాలకు ఉన్న నిధి ఒక కుండలో నీళ్లలాంటిది. అక్కర లేని ఇంటికి ఒక చెంబు వెళితే, అక్కర ఉన్న ఇంట్లో ఒక చెంబు తగ్గుతుంది. ఆ ఇల్లు ఏదో మనకు కనబడదు కాబట్టి మనకు ఏమీ అనిపించదు.

పిల్లలూ, ఇలాంటి చోట మీరేం చేయాలి? నాన్న సంతకం పెట్టమంటే మీరు కాదనగలరా? అక్కడే ఆ గురువు ధైర్యం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. మాలో మంచి నడవడి ఏముందో అదే తీసుకో, మిగతావి తీసుకోవద్దు అని ఆయనే శిష్యుడితో అంటాడు. తల్లిదండ్రులు, గురువులు దేవుళ్లు అని చెప్పిన వెంటనే ఈ మాట కూడా చెబుతాడు. రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. అంటే పెద్దలను గౌరవించడం, పెద్దలు చేసే ప్రతి పనినీ అనుసరించడం ఒకటి కాదని ఆయన ఉద్దేశం. “నాన్నా, ఈ అంకె వద్దు, అసలుదే వేద్దాం” అని మెల్లగా చెప్పిన పిల్ల పెద్దలను ధిక్కరించినట్టు కాదు.

ఏది సరైనదో తేలని చోట ఎవరిని అడగాలో కూడా గురువు చెప్పి పంపుతాడు. బాగా ఆలోచించగలవారు, ఆ పనిలో ఉన్నవారు, మరొకరి ఒత్తిడికి లొంగనివారు, ధర్మాన్ని కోరేవారు - వారు అటువంటి చోట ఎలా నడుచుకుంటారో నువ్వూ అలా నడుచుకో అంటాడు. వారు కరకువారు కాకూడదని కూడా ఒక షరతు పెట్టాడు. ఆ షరతు నాకు చాలా ఇష్టం. ప్లస్ టూ అయిన అమ్మాయిని డిగ్రీకి పంపాలా, సంబంధం చూడాలా అన్న ప్రశ్న మన ఇళ్లలో ఇప్పటికీ వస్తోంది. అప్పుడు బంధువుల్లో గొంతు పెద్దదైన మామయ్య మాటే చెల్లుతుంది. చదివించి బాగుపడిన ఇంటివారిని, ఆ అమ్మాయికి పాఠం చెప్పిన టీచరమ్మను అడిగేవారు తక్కువ. అమ్మాయిని అడిగేవారు ఇంకా తక్కువ.

ఇక చదవడం, చదువు చెప్పడం. ఈ రెండింటినీ శిక్షావల్లి జంటగా చెబుతుంది. తొమ్మిదో అనువాకంలో సత్యం, తపస్సు, ఇంద్రియ నిగ్రహం, అతిథి సేవ, సంతానం ఇలా ఒక్కొక్క కర్తవ్యాన్నీ చెప్పి, ప్రతిదానితోనూ చదువుకోవడం, చదువు చెప్పడం అని చేరుస్తుంది. ముఖ్యమైనది సత్యమే అని రాథీతరుడు, తపస్సే అని పౌరుశిష్టి, చదవడం, చెప్పడం ఉంటే చాలని మౌద్గల్యుడు అన్నారట. నా ఓటు మౌద్గల్యుడికే.

దీనికి మనవాడే ఒకరు ఉదాహరణ. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888లో తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టారు. తిరుత్తణి 1960లో తమిళనాడు వైపు, అంటే అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఆయన చదువంతా ఉపకార వేతనాల మీదే సాగింది. తత్త్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారంటే, చుట్టాలబ్బాయి ఒకరు చదువు పూర్తయి తన పాఠ్యపుస్తకాలు ఇచ్చేశాడు కాబట్టి! పాత పుస్తకాలు ఇచ్చిన ఆ అబ్బాయి దానం చేశాననుకున్నాడో లేదో. వాటితో చదివినాయన మద్రాసు, మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డ్‌లలో పాఠాలు చెప్పారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతి అయ్యారు, ఉపరాష్ట్రపతిగా ఉండగా 1953లో ముఖ్య ఉపనిషత్తులకు ఆంగ్లానువాదం వెలువరించారు. అందులో ఈ తైత్తిరీయం కూడా ఉంది.

కాబట్టి ఈ ఏడాది సాయం అందుకున్న పిల్లలను నేను అడిగేది డబ్బు కాదు. వారానికి ఒక గంట. ఆదివారం పొద్దున్న మన కల్యాణ మండపం హాలు ఖాళీగానే ఉంటుంది. మీలో పై తరగతివారు కింది తరగతివారికి లెక్కలు, ఇంగ్లీషు చెప్పండి. తెలుగు చదవడం వచ్చినవారు అక్షరాలు చెప్పండి. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం తరువాత బడిలో అందరూ తమిళం చదవాల్సిందే, అది మంచిదే, ఉన్న ఊరి భాష రాకపోతే బతుకు ఎలా? కానీ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తాత రాసిన ఉత్తరం చదవలేని పిల్లలు తయారయ్యారు. ఈ సంచిక షోలాపూరుకు, బరంపురానికి, బెంగళూరుకు కూడా వెళుతుంది. అక్కడివారూ తమ వీలును బట్టి ఆలోచించండి. యానాంలో తెలుగు అధికార భాషే కాబట్టి అక్కడి పిల్లలు అక్షరాల సంగతి వదిలేసి లెక్కలతోనే మొదలుపెట్టవచ్చు.

ద్వారం దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను. పాఠం చెప్పగలిగినవారు పేరు, తరగతి, ఏ సబ్జెక్టు అన్నది రాయండి. విద్యారుణం దరఖాస్తు నింపుకోవాల్సిన తల్లిదండ్రులు కాలేజీ అడ్మిషను కాగితం, ఫీజుల పట్టిక పట్టుకుని వచ్చే ఆదివారం పది గంటలకు ఇక్కడికే రండి, నేను ఉంటాను. సాంబారు చల్లారిపోతోందని వంటవారు రెండుసార్లు చెయ్యి ఊపారు.