రంగిరిరి కందకాలు, బైరాన్‌పల్లి బురుజు



ఆక్లాండ్ నుంచి హామిల్టన్ పోయే తొవ్వల రంగిరిరి అనే చిన్న ఊరున్నది. మనలో చాలామందిమి దాని పక్కనుంచే కార్లు ఉరికిస్తం, ఆగం. మొన్న నేను పిల్లలతోటి ఆగి చూసిన. గడ్డి మొలిచిన మట్టికట్టలు, లోతైన కందకాలు. చూడనీకి పెద్దగ ఏం లేదు. కానీ అక్కడ జరిగింది తెలిస్తే కాళ్లు కదలవు.

1863 నవంబర్ 20 నాడు జనరల్ కామెరాన్ సైన్యం, వెయ్యికి పైగ సిపాయిలతోటి, నది మీద ఫిరంగి పడవలతోటి ఈ మావోరీ కోట మీద పడ్డది. లోపలున్నది దాదాపు ఐదువందల మంది. చీకటి పడేదాక కోట లొంగలేదు. తెల్లారి తెల్లజెండా లేచింది. మాట్లాడుకుందామని ఎత్తినమని మావోరీలంటరు. లొంగిపోయిన్రని సైన్యం లెక్కగట్టి 180 మందికి పైగ ఖైదు చేసింది. ఆ యుద్ధం పేరు చెప్పి వైకాటోల సర్కారు గుంజుకున్న భూమి 12 లక్షల ఎకరాలు. తర్వాతి కాలంల ఈ కోట నడుమ నుంచే హైవే వేసిన్రు!

కానీ వైకాటో జనం మరువలేదు. తరతరాలు అర్జీలు పెట్టిన్రు, కొట్లాడిన్రు. 1995ల ఎలిజబెత్ రాణి స్వయంగ సంతకం పెట్టిన చట్టంల ప్రభుత్వం క్షమాపణ చెప్పింది, 17 కోట్ల డాలర్ల విలువైన పరిహారం ఒప్పుకున్నది. కొత్త ఎక్స్‌ప్రెస్‌వే వచ్చినంక పాత రోడ్డు తీసి కందకాలు మళ్ల నిలబెట్టిన్రు. ఓటొరొహంగా బడి పిల్లలు 2014ల యుద్ధం జరిగిన జాగలు చూసొచ్చి, 12 వేలకు పైగ సంతకాలు కూడబెట్టి పార్లమెంటుకిచ్చిన్రు. 2017 నుంచి ఆ యుద్ధాలకు దేశమంత సంస్మరణ దినం జరుగుతున్నది. బడి పిల్లలు చేసిన పని అది!

ఇగ మన ముచ్చట. 1948 ఆగస్టు 27 నాడు బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు పడి పదుల మందిని చంపిన్రు. ఊరి జనం బురుజెక్కి కొట్లాడిన్రు. ఆ బురుజు ఇంకా ఉన్నది. మన పిల్లలకు గోల్కొండ తెలుసు, రామప్ప తెలుసు. బైరాన్‌పల్లి ఎంతమందికి తెలుసు?

ఇంకో మాట కూడ చెప్పాలె. ఆ ఏడాదే పోలీసు చర్య తర్వాత ఏ పాపం తెలియని ముస్లిములు వేలల్ల చచ్చిపోయిన్రు. సుందర్‌లాల్ కమిటీ ఆ సంగతి రాసినా, ఆ నివేదిక ఏండ్ల తరబడి బయటికి రాలే. సగం యాది పెట్టుకుంటే అది చరిత్ర కాదు, పగ అయితది. మనం కొట్లాడి తెచ్చుకున్న తెలంగాణల రెండు కన్నీళ్లకూ జాగ ఉండాలె.

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. ఇగ పనైపోయిందనుకోవద్దు. ఆనాటిది కండ్లతోటి చూసినోళ్లు తొంభయ్యేండ్లకు చేరుతున్నరు. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఒక్కరోజు బైరాన్‌పల్లికి పెట్టుకోండ్రి. పిల్లల్ని బురుజు కాడ నిలబెట్టండ్రి. మీ ఊర్ల ఉన్న ముసలోళ్ల పక్కన కూసొని, ఫోన్ల వాళ్ల గొంతు రికార్డు చెయ్యండ్రి. వాళ్లు పోయినంక అడుగుదామంటే చెప్పేటోళ్లుండరు.

జై తెలంగాణ!